పేరు చెప్పి పెట్టిన రొట్టె

ఆ మధ్యాహ్నం ఉప్పక్క భోజనాల గదిలోకి అడుగుపెట్టేసరికి గదంతా నవ్వుతోంది. నవ్వని మనిషి ఒక్కతే. చివరి బల్ల దగ్గర, ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసే పిచ్చుక, డబ్బా మూత సగం తీసి సగం మూసి, తల వంచుకుని కూర్చుంది. మనిషి సన్నగా ఉంటుంది, చేతులు చకచకా ఆడతాయి, అందుకని ఆమెకు ఆ పేరు.

“ఏంటే ఆ గడ్డి? ఇంట్లో మేకకు పెట్టాల్సింది పొరపాటున నువ్వు తెచ్చుకున్నావా?” అంది ఒకావిడ.

“మేక దగ్గర మిగిలిందేమోలే,” అంది ఇంకొకావిడ. మళ్లీ నవ్వులు.

అప్పుడే లోపలికొచ్చిన ప్యాకింగ్ సూపర్‌వైజరు మాత్రం నవ్వలేదు. డబ్బాలోకి తొంగి చూసి ముక్కు చిట్లించాడు. “గురువారం ఆసుపత్రి వాళ్లొస్తున్నారు. ఫ్యాక్టరీ అంతా తిరిగి చూస్తారు. మన గదిలో గోడవారన మొలిచే కలుపు మొక్కలు తింటున్నారంటే మన పరువేం కావాలి? ఇలాంటివి తినాలనిపిస్తే బయట మెట్ల మీద కూర్చుని తినేసి రామ్మా.”

పిచ్చుక డబ్బా మూత నొక్కిపెట్టి, చెంగు సర్దుకుని, బల్లల మధ్య నుంచి ఎవరికీ తగలకుండా ఒదిగి నడుచుకుంటూ బయటికి పోయింది. గది మళ్లీ తన భోజనంలో తాను పడింది.

ఉప్పక్క చేతిలో తన డబ్బా ఉంది, ఆకలి కూడా దంచేస్తోంది. అయినా కూర్చోబుద్ధి కాలేదు. ఆమె ఆ రొట్టెల ఫ్యాక్టరీలో రుచిగది పెద్ద. కొత్త రొట్టె ఏది తయారైనా ముందు ఆమె నోట్లో పడి, ఆమె సరేనంటేనే బజారుకు పోతుంది. ఏ ముక్క నోట్లో పెట్టుకున్నా ముందు ఉప్పు సంగతే ఎత్తుతుంది. ఒకసారి ఎక్కువైందంటుంది, ఒకసారి తక్కువైందంటుంది, సరిపోయిందని మాత్రం ఆమె నోటి వెంట ఎవరూ వినలేదు. యజమాని దగ్గర్నుంచి గేటు దగ్గర కాపలా వాడి దాకా అందరికీ ఆమె ఉప్పక్కే.

ఆమె మెట్ల దగ్గరికి వెళ్లి పిచ్చుక పక్కన చతికిలబడింది.

“ఒక ముద్ద ఇటు పెట్టు చెల్లీ.”

“అయ్యో, వద్దక్కా. నీకేం బాగుంటుంది ఇది?”

“బాగుందో లేదో చెప్పడానికే కదా నాకు జీతమిస్తున్నది. పెట్టు.”

పిచ్చుక మొహమాటపడుతూ చెంచాతో కొంచెం తీసి ఆమె అరచేతిలో వేసింది. గుండ్రటి చిన్న చిన్న ఆకులు, ఎర్రటి లేత కాడలు. గంగవావిలి కూర. ఉప్పక్క కళ్లు మూసుకుని నమిలింది. తనకలవాటే అది, కొత్త రుచి ఏదైనా చీకట్లోనే తెలుస్తుందంటుంది. ముందు పులుపు తగిలింది. తర్వాత నాలుక అంచుల మీద సన్నగా ఇంకేదో పాకింది.

“ఉప్పు సరిగ్గా సరిపోయింది,” అంది.

పిచ్చుక అంత దిగులులోనూ ఫక్కున నవ్వింది. “ఉప్పెక్కడిదక్కా! బీపీ ఉంది, ఉప్పు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడుగా. ఒక ఉల్లిపాయ, ఈ ఆకు, అంతే. చప్పిడి కూడు తినలేక ఇది వండుకుంటున్నాను. దీంతో అయితే ముద్ద దిగుతుంది.”

ఉప్పక్క నమలడం ఆపేసింది.

ఆసుపత్రి వాళ్లు అడిగింది ఒక్కటే. ఉప్పు సగానికి సగం తగ్గించిన రొట్టె కావాలి, కానీ రోగులు దాన్ని తినాలి. వారాల తరబడి ఉప్పక్క అదే పని మీద ఉంది. ఉప్పు తగ్గించిన ప్రతి రొట్టె తడిసిన అట్టముక్క నమిలినట్టే ఉంటోంది. గురువారం చివరి అవకాశం. ఆ ఆర్డరు రాకపోతే రెండో లైను ఆపేస్తామని యజమాని అల్లుడు ముందే చెప్పేశాడు. పిచ్చుక పనిచేసేది ఆ లైను మీదే. ఇందాక నవ్విన వాళ్లు పనిచేసేదీ దాని మీదే.

“ఇంకో ముద్ద పెట్టు,” అంది ఉప్పక్క. ఈసారి కళ్లు తెరిచే నమిలింది.

భోజనం సంగతి మరిచిపోయి ఆమె గోడౌను వెనక్కి పరిగెత్తింది. అక్కడ తోటమాలి వీపుకు మందు డబ్బా తగిలించుకుని, గోడవారగా కలుపు చచ్చే మందు కొట్టుకుంటూ వస్తున్నాడు.

“ఆగు, ఆగు!”

అతను బెదిరిపోయి గొట్టం కిందికి దించాడు. “ఏంటమ్మా, పాముందా?”

“పాము కాదయ్యా, కూర ఉంది. నీ కాళ్ల కిందే.”

తోటమాలి కాళ్ల కింద చూసుకున్నాడు. సిమెంటు పగుళ్లలోంచి గంగవావిలి నాలుగు వైపులా చాప పరిచినట్టు పాకి ఉంది, కొసల్లో చిన్న చిన్న పసుపు పూలు. “ఇదా! ఈ పీడ కోసమేనా మీరింత దూరం పరిగెత్తారు? మందు తగిలిన చోటుది మీకు పనికిరాదు. మా వదిన కూరగాయల మడికి రండి, ఇంతకింత ఉంటుంది. రోజూ పీకి గట్టు మీద పారేయడమే ఆమె పని. ఎన్ని బస్తాలు కావాలి?”

మర్నాడు పొద్దున్నే బస్తాలు వచ్చాయి. రుచిగదిలో పొడుగాటి బల్ల మీద వాటిని గుమ్మరించి, ఉప్పక్క, పిచ్చుక ఎదురెదురుగా కూర్చున్నారు. ఒక రోజుకు పిచ్చుకను అరువిమ్మని సూపర్‌వైజరును అడిగితే, గడ్డి ఏరడానికైతే తీసుకుపొమ్మన్నాడు. దీన్ని పోలిన పాడు మొక్క ఒకటి ఇందులో కలిసి వస్తుంది కాబట్టి కాడ కాడా చూడాలి. కాడ తుంచితే పాలు కారాయంటే విషమే, పారేయాలి. నీళ్లే కారితే గంగవావిలి. తుంచడం, చూడడం, కడగడం, మళ్లీ కడగడం. ఇసుక మాత్రం ఆకు ఆకు వెనకా దాక్కునే ఉంది.

ఓవెన్ మేస్త్రి నడుం మీద చేతులు పెట్టుకుని వచ్చి చూశాడు. ముప్ఫై ఏళ్ల నుంచి పొయ్యి ముందు నిలబడ్డ మనిషి, కనుబొమలు ఎప్పుడో కాలిపోయాయి. “ఉప్పక్కా, నాకిప్పుడు పశువుల దాణా కాల్చే పని పెడతావా?”

“రుచి చూశాక మాట్లాడు మేస్త్రీ.”

మొదట పచ్చి ఆకు నూరి పిండిలో కలిపారు. పిండి జిగురు జిగురుగా సాగి, మర చక్రాలకు పట్టుకుని ఊడి రానంది. మేస్త్రి దాన్ని గరిటెతో గీకుతూ ఉప్పక్కను తిట్టలేక గరిటెను తిట్టాడు. ఎండబెడదామంటే ఆకు ఎండదు. ట్రేల మీద పరిచి వెచ్చటి గదిలో పెడితే సాయంత్రానికి కూడా నిగనిగలాడుతూనే ఉంది. పీకేసి పారేసినా, ఎండలో వదిలేసినా మళ్లీ వేళ్లూనుకునే మొండి రకం, అంత తేలిగ్గా ఎందుకు చస్తుంది?

“ఇది నీకంటే మొండిది,” అన్నాడు మేస్త్రి.

ఉప్పక్క ఒక కాడ తీసి గోరుతో గీసి చూసింది. పైన మైనం లాంటి పొర. లోపలి నీటిని అదే బయటికి రానివ్వడం లేదు. గిన్నెలో నీళ్లు మరగబెట్టి, ఆకును అందులో ముంచి, రంగు తిరగ్గానే తీసి, ఆ నీళ్లు వంపేసింది. అలా ఉడికించడంలో మరో లాభం ఉంది. ఈ ఆకులో ఉండే ఒక ఆమ్లం ఒంట్లో రాళ్లకు దారి తీస్తుంది, దానిలో చాలా భాగం ఆ నీళ్లతోనే పోతుంది. రస్కుల వాయి దిగాక పొయ్యి చల్లారుతూ ఉంటుంది కదా, ఆ వెచ్చదనంలో, తలుపు కొంచెం తెరిచి ఉంచి, ట్రేలన్నీ లోపలికి తోశారు. ఉప్పక్క ఇంటికి బయల్దేరే ముందు తలుపు తీసి చూస్తే ఆకు గలగలలాడుతోంది.

బుధవారం పొద్దున పొడి చేశారు. చూడ్డానికి గొప్పగా ఏం లేదు, ఆకుపచ్చా కాని బూడిదా కాని రంగు. మొదటి రొట్టెలో ఎక్కువ వేశారు, పచ్చటి ఇటుక తయారైంది. రెండోదాంట్లో భయపడి తక్కువ వేశారు, మళ్లీ అట్టముక్కే. మూడోది మేస్త్రి పార మీద బయటికి వచ్చినప్పుడే వాసన తేడాగా ఉంది. పైన బంగారు రంగు, కోస్తే లోపల మెత్తగా, అక్కడక్కడ పచ్చటి చుక్కలు.

మేస్త్రి ఒక ముక్క తీసుకుని నమిలాడు. గోడ వైపు తిరిగి మళ్లీ నమిలాడు.

“ఉప్పు తగ్గించడం మరిచిపోయావు,” అన్నాడు.

“సగమే వేశాను.”

“నాతో పరాచికాలొద్దు.”

“నీ చేత్తోనే కలిపించాను కదయ్యా!”

మేస్త్రి ఇంకో ముక్క కోసుకున్నాడు. ఉప్పక్కకు అంతకంటే ఏం కావాలి? ఆకులో ఉన్న జిగురు, నిన్న మర చక్రాలకు పట్టి పీడించిన ఆ జిగురే, ఇప్పుడు రొట్టెలో తేమను పట్టి ఉంచి సాయంత్రమైనా గట్టిపడనివ్వలేదు.

వార్త తెలిసి యజమాని అల్లుడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. మామగారికి ఒంట్లో బాగుండక వ్యవహారమంతా ఇప్పుడు అతనే చూసుకుంటున్నాడు. చెడ్డవాడు కాదు, కాకపోతే రాయిని కూడా మెరిపించి అమ్మేద్దామనుకునే రకం. ముక్క నోట్లో పెట్టుకోగానే అతని మొహం వెలిగిపోయింది.

“మేడం! గట్టెక్కించారు! దీనికేం పేరు పెడదాం? హరిత సారం? మహా మూలిక?”

“దానికి పేరుందిగా సార్. గంగవావిలి.”

అల్లుడు చటుక్కున తలుపు వైపు చూశాడు, ఎవరైనా విన్నారేమోనని. “ఆ పేరెత్తకండి బాబూ! గోడవారన మొలిచేది అని తెలిస్తే కొంటారా? మూలికల సారం అందాం. ఎక్కడో కొండల మీద నుంచి తెప్పించామందాం.”

“రోగులు తినే రొట్టె సార్ ఇది. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు ఈ ఆకు తినకూడదు. పేరు దాచేస్తే వాళ్లకెలా తెలుస్తుంది?”

“ఎక్కడో చివర్లో, సన్నటి అక్షరాల్లో వేయిద్దాం.”

“కళ్లద్దాలు పెట్టుకుని వెతుక్కోవాలా వాళ్లు?”

అల్లుడు నొచ్చుకున్నాడు. “మేడం, చేయడం మీ పని, అమ్మడం నా పని. రేపు నేను మాట్లాడతాను. మీరు మీ గదిలో ఉండండి చాలు.”

“నన్ను అడిగితే మాత్రం దాచను.”

“మిమ్మల్ని ఎవరడుగుతారు మేడం?” అన్నాడతను. ఎగతాళిగా కాదు, నిజంగానే అనుకుని.

ఆ సాయంత్రం ఉప్పక్క ఒక ముక్క కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చింది. అత్తగారు వంటింట్లో పీట వేసుకుని కూరగాయలు తరుగుతోంది. ఇంట్లో రుచికి ఉప్పక్క కంటే పెద్ద జడ్జి ఆవిడే. కోడలి ఫ్యాక్టరీ నుంచి కొత్త రొట్టె ఏదొచ్చినా వంక పెట్టకుండా వదలదు. ఉప్పక్కకు కూడా ఆ వంకలు వినందే రొట్టె పూర్తయినట్టుండదు.

“చూడండత్తయ్యా, ఏముందో చెప్పండి.”

ఆవిడ ముక్కను ముక్కు దగ్గర పెట్టుకుంది. చేతిలో కత్తి ఆగిపోయింది. ముక్కను తిరిగి కాగితంలో పెట్టి, కాగితాన్ని వేలితో దూరంగా జరిపింది.

“ఇది ఆ ఆకు.”

“అవునత్తయ్యా, గంగవావిలి. రుచి చూ—”

“తీసేయ్. నేనుండగా ఆ ఆకు ఈ ఇంట్లోకి రాకూడదు.”

గొంతు పెంచలేదు. అదే ఉప్పక్కను భయపెట్టింది. ఎప్పుడూ గొంతెత్తి మాట్లాడే మనిషి. బయట గదిలో భర్త పేపరు మడిచి, అడగొద్దన్నట్టు కళ్లతోనే సైగ చేశాడు. ఉప్పక్క కాగితం పొట్లాన్ని మళ్లీ సంచిలో పెట్టేసుకుంది. రేపు రాబోయే వాళ్లలో కూడా ఇలా ముక్కు దగ్గర పెట్టుకుని పక్కకు నెట్టేసేవాళ్లుంటే? అల్లుడు చెప్పిందే నిజమేమో. ఆ ఆలోచన కాసేపు నమిలిన రాయిలా పళ్ల కింద పడుతూనే ఉంది.

గురువారం ఆసుపత్రి నుంచి ముగ్గురొచ్చారు. ఇద్దరు నవ్వుతూ మాట్లాడేవాళ్లు, మూడో ఆవిడ పథ్యాల డాక్టరమ్మ. రోగి కంచంలో ఏముండాలో, ఏముండకూడదో ఆవిడ చెప్పిందే వేదం. పొట్టిగా ఉంటుంది, జుట్టు పొట్టిది, మాటలింకా పొట్టివి. ఉప్పక్క రుచిగది అద్దంలోంచి అంతా చూస్తోంది. నవ్వేవాళ్లిద్దరూ తిని ఆహా ఓహో అన్నారు. అల్లుడు చేతులు తిప్పుతూ కొండల గురించి ఏదో చెబుతున్నాడు. డాక్టరమ్మ ముందు వాసన చూసింది, తర్వాత కొంచెం కొరికింది, తర్వాత ముక్క మొత్తం తినేసింది.

“ఇందులో ఏముంది?” అంది.

“మూలికల సారమండీ.”

“ఏ మూలిక?”

“అది… మా వ్యాపార రహస్యమండీ,” అని నవ్వాడు అల్లుడు.

డాక్టరమ్మ నవ్వలేదు. చేతులు దులుపుకుంది. “అయితే నా వార్డుల్లోకి రాదు.”

అంతే. వెనక్కి తిరిగి నడిచింది. మిగతా ఇద్దరూ ఏం చేయాలో తెలీక ఆవిడ వెనకే బయల్దేరారు. ప్యాకింగ్ లైను దగ్గర చేతులాగిపోయాయి. అందరికీ సంగతి అర్థమైపోయింది.

ఉప్పక్క బల్ల మీద మిగిలిన గంగవావిలి కాడ ఒకటి పట్టుకుని, తలుపు తోసుకుని బయటికొచ్చింది. అడిగితే చెబుతానంది, ఎవరూ అడగలేదు. అయినా చెప్పేసింది.

“గంగవావిలండీ. ఇదిగో ఇదీ.”

డాక్టరమ్మ ఆగింది. కాడ అందుకుని తుంచింది. నీళ్లే కారాయి.

“ఉప్పెంత?”

“మామూలు దాంట్లో సగం.”

“రాళ్లున్నవాళ్ల సంగతి?”

“ఉడికించి నీళ్లు వంపేస్తున్నామండీ. చాలా తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. వాళ్లకు పెట్టకండి.”

డాక్టరమ్మ అప్పుడు తలెత్తి ఆమె మొహంలోకి చూసింది. ఇంతదాకా రొట్టె అమ్మడానికి వచ్చినవాళ్లెవరూ ఫలానా వాళ్లకు పెట్టొద్దని ఆవిడతో చెప్పి ఉండరు.

“కలుపు మొక్క కదండీ, రోగులకు పెడితే నవ్విపోతారు,” అన్నాడు నవ్వేవాళ్లలో ఒకతను.

“అదే చూద్దాం,” అంది డాక్టరమ్మ. “రేపు పొద్దున ఫలహారం వేళకు గుండె జబ్బుల వార్డుకి రొట్టెలు తీసుకురండి. మీరే రావాలి. ప్రతి మంచం దగ్గరా పేరు చెప్పి పెట్టండి. తిన్నారా, మాట్లాడుకుందాం. తినలేదా, ఇక నా దగ్గరికి రావద్దు.”

వాళ్లు వెళ్లాక అల్లుడు ఒక స్టూలు మీద కూలబడ్డాడు. “నవ్వుతారు మేడం. పేరు వినగానే నవ్వుతారు, చూడండి.”

“నవ్వనివ్వండి,” అంది ఉప్పక్క.

ఆ సాయంత్రం ఎవరూ చెప్పకుండానే పిచ్చుక బల్ల దగ్గర కూర్చుని ఆకు ఏరడం మొదలుపెట్టింది. కాసేపటికి మేక మాట అన్న ఆవిడ వచ్చి, ఎదురు స్టూలు లాక్కుని, “ఎలా చూడాలే? తుంచితే పాలొస్తే పారేయాలా?” అంది. ఆమె వెనకే ఇంకో ఇద్దరు. లైను ఆగిపోతుందన్న భయమో, ఇంకేదోగానీ, నవ్వులు మాత్రం లేవు.

తెల్లవారి రొట్టెలు వెచ్చగా ఉండగానే బుట్టల్లో సర్దుకుని ఉప్పక్క, పిచ్చుక ఆసుపత్రికి వెళ్లారు. పొడుగాటి వార్డు, రెండు వైపులా మంచాలు. నర్సులు ట్రేలు తోసుకుంటూ పోతుంటే వెనకాల డాక్టరమ్మ చేతులు కట్టుకుని నడుస్తోంది. మొదటి మంచం మీద పెద్దావిడ గోడ వైపు తిరిగి పడుకుంది. ఆకలి లేదు, వద్దు పొమ్మంది. ఉప్పక్క ట్రే పక్కన పెట్టి ముందుకు కదిలింది.

రెండో మంచం మీద బానపొట్ట పెద్దాయన. జీవితమంతా లారీ తోలి వచ్చినవాడట, గొంతు వార్డు ఆ చివరికి వినపడుతుంది.

“ఏం రొట్టె ఇది?”

ఉప్పక్క గొంతు సవరించుకుంది. “గంగవావిలి రొట్టె.”

“గంగవావిలా!” పెద్దాయన పకపకా నవ్వాడు. “విన్నారటయ్యా! ఇన్నాళ్లూ చప్పిడి కూడు పెట్టారు, అది చాలక ఇప్పుడు గడ్డిలోకి దిగారు!”

వార్డంతా నవ్వింది. నర్సు ఒకమ్మాయి మొహం తిప్పుకుని నవ్వింది. ఉప్పక్క పక్కకు చూసింది. పిచ్చుక బుట్ట గుండెలకు హత్తుకుని బిగుసుకుపోయి ఉంది. ఇప్పుడు వెనక్కి తిరిగి పారిపోతుందేమో అనుకుంది ఉప్పక్క. పారిపోలేదు. ఒక అడుగు ముందుకేసింది.

“నాకూ బీపీయేనయ్యా,” అంది. “ఉప్పు మానేయమన్నారు. ఏ ముద్దా దిగేది కాదు. రోజూ ఈ గడ్డే తింటున్నాను. మేకలా కనిపిస్తున్నానా నేను? తిని చూసి నవ్వండి. తినకుండా ఎందుకు నవ్వడం?”

పెద్దాయన ఆమెను ఎగాదిగా చూసి, ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు. నములుతున్నాడు. వార్డు మొత్తం ఆయన దవడల వంకే చూస్తోంది. ఆయన మింగాడు, ఇంకో ముక్క తుంచాడు, ఉప్పక్కను దగ్గరికి రమ్మని సైగ చేసి, గొంతు తగ్గించాననుకుని అన్నాడు.

“అమ్మా, ఉప్పు దండిగా వేసినట్టున్నారు. ఆ డాక్టరమ్మ చూసిందంటే మీ పని అయిపోయినట్టే. గుట్టుగా దాటేయండి.”

“చూస్తూనే ఉన్నాను,” అంది వెనక నుంచి డాక్టరమ్మ. “సగమే ఉంది ఉప్పు. తినండి.”

ఈసారి వార్డు నవ్వింది చూడండి, పెద్దాయన మీద! ఆయనా నవ్వాడు, నోటి నిండా రొట్టెతో. అక్కడి నుంచి ఉప్పక్క నోరు ఆగలేదు. గంగవావిలి రొట్టె, గంగవావిలి రొట్టె అంటూ మంచం మంచానికీ తిరిగింది. ఒకాయన ఆ పేరు వినగానే, “మా అమ్మమ్మ వండేది,” అంటూ తినేశాడు. ఒకావిడ వెన్న ఉందా అని అడిగి నర్సు చేత చీవాట్లు తింది. కిటికీ పక్క కుర్రవాడికి రాళ్ల బాధ కూడా ఉందని నర్సు చెబితే, ఉప్పక్క చాచిన ముక్కను వెనక్కి తీసుకుంది.

“మీకు వద్దండీ. మీకు మామూలుదే.”

“అందరికీ పెట్టి నాకొక్కడికీ లేదంటారా?” అని అతను నిజంగానే అలిగాడు. డాక్టరమ్మ ఆ అలకను చాలా శ్రద్ధగా గమనించింది.

వార్డు చివరికి వచ్చి వెనుదిరుగుతుంటే, మొదటి మంచం మీది పెద్దావిడ ఇటు తిరిగి, లేచి కూర్చుని ఉంది. “ఏమమ్మాయ్, ఆ పెద్దాయన అంత ఇదిగా తింటున్నాడు, ఏముంది అందులో? ఏదీ, ఇటివ్వు.”

ట్రేలు వంటగదికి తిరిగొచ్చాయి. రోజూ తిన్నట్టూ తిననట్టూ కొరికి వదిలేసిన రొట్టెలతో వచ్చే ట్రేలు. డాక్టరమ్మ ఒక్కో ట్రే మూత ఎత్తి చూసింది. పొడి తప్ప ఏమీ లేదు. మూడు నాలుగు చూశాక మిగతావి చూడడం మానేసింది.

“సోమవారం నుంచి అన్ని వార్డులకూ పంపండి,” అంది. “కవరు మీద ఆకు పేరు ముందు వైపే ఉండాలి, పెద్దగా. రాళ్లున్నవాళ్లు తినకూడదన్న మాట దాని కిందే, అంతే పెద్దగా.” వెళ్లబోతూ ఆగింది. “ఇలాంటి ఆకులు ఇంకేమైనా ఉన్నాయా మీ దగ్గర?”

“బోలెడున్నాయండీ,” అంది ఉప్పక్క. “అందరూ పీకి పారేస్తున్నారు.”

“పారేయొద్దని చెప్పండి,” అంది డాక్టరమ్మ. ఆవిడ నవ్వడం ఉప్పక్క అప్పుడే చూసింది.

ఫ్యాక్టరీలో ఆ రోజు గోల చెప్పనలవి కాదు. మేస్త్రి లేని కనుబొమలెగరేస్తూ, తన చేతిలో ఏముందో అందరికీ పేరు పేరునా చెప్పుకున్నాడు. అల్లుడు ఉప్పక్క చేతులు రెండూ పట్టుకుని ఊపేశాడు. మధ్యాహ్నానికల్లా ఫోనులో ఎవరితోనో, “అసలు పేరే ముందు వైపు వేయాలని నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నానండీ,” అంటుంటే విని, ఉప్పక్క నవ్వాపుకోలేక రుచిగదిలోకి పారిపోయింది. తోటమాలి వదినతో మాట్లాడి మడిలో సగం గంగవావిలికే వదిలేయించాడు. ఆకు ఏరడానికి వేరే సెక్షనొకటి కావాల్సి వచ్చింది. దానికి పెద్దగా ఎవరిని పెడదామని అల్లుడు అడిగితే, ఉప్పక్క కంటే ముందు సూపర్‌వైజరే నోరు తెరిచాడు.

“పిచ్చుకమ్మను పెట్టండి సార్,” అన్నాడు. ఎటో చూస్తూ అన్నాడు గానీ, అమ్మ అని మాత్రం కలిపాడు.

సోమవారం సాయంత్రం ఉప్పక్క కొత్త కవరులో ఉన్న రొట్టె ఒకటి ఇంటికి తెచ్చింది. అత్తగారికి చూపించాలా వద్దా అని తటపటాయిస్తూనే బల్ల మీద పెట్టింది. ఆవిడ కళ్లద్దాలు వెతుక్కోలేదు. అక్కర్లేకపోయింది, అక్షరాలంత పెద్దగా ఉన్నాయి.

“ఇంత పెద్దగా వేశారా!”

“వేశారత్తయ్యా.”

“ఆసుపత్రిలో ఎవరూ ఏమీ అనలేదా?”

“నవ్వారు. తర్వాత ఇంకో ముక్క అడిగారు.”

అత్తగారు కవరు మీది పేరును వేలితో తడిమింది. “మా అమ్మ ఇది వండేటప్పుడు తలుపు గడియ పెట్టేది,” అంది. “వాసన బయటికి పోతే, ఆ ఇంట్లో ఇంకేం లేవని నలుగురికీ తెలిసిపోతుందని. ఎండాకాలం, పొయ్యి పొగ, లోపల ఉక్కిరిబిక్కిరై చచ్చేవాళ్లం. ఎవరైనా తలుపు కొడితే గిన్నె మంచం కిందికి తోసేవాళ్లం. మాకు తిండి పెట్టింది ఇదే. దీన్ని చూసే సిగ్గుపడ్డాం.”

అత్తగారు కవరు చింపి, రొట్టె చేతిలోకి తీసుకుని, మరో చేత్తో పీట పట్టుకుని లేచింది. వంటింట్లోంచి ముందు గదిలోకి, ముందు గదిలోంచి గుమ్మం బయటికి నడిచింది. వీధి వైపు మొహం పెట్టి పీట వేసుకుని కూర్చుంది. ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలింది.

ఎదురింటావిడ గేటు దగ్గర్నుంచి అడిగింది. “ఏంటి పెద్దమ్మా, వీధిలో కూర్చుని మరీ తింటున్నారు?”

“గంగవావిలి రొట్టె!” అంది అత్తగారు, వీధి చివరికి వినపడేలా. “మా కోడలు చేసింది. ఆసుపత్రుల్లో పెడుతున్నారు. రా, నువ్వూ తిను.”

ఉప్పక్క కంచం, కత్తి తీసుకుని బయటికొచ్చేసరికి వాటి అవసరం లేకుండా పోయింది. గుమ్మం ముందు నలుగురు చేరారు, దారిన పోయే పాలవాడు కూడా సైకిలాపి నిలబడ్డాడు. అత్తగారు రొట్టెను చేత్తోనే తుంచి పంచుతోంది, ఒక్కొక్కరికీ పేరు చెప్పి మరీ.